అమ్మకు ఒక లెక్క, పెద్దమ్మకు ఒక లెక్క

(మహిళల చదువు కేంద్రంలో ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)



ఇవాళ పుస్తకాలు మూసి పక్కన పెట్టండి. మన తిండి గురించి, మన ఒంటి గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టరును కాను. టీచర్ ట్రైనింగ్ చదివిన పిల్లను. మీలో సగం మంది నన్ను చంకనెత్తుకుని తిప్పినవాళ్లే. ఈ పిల్ల మనకు తిండి నేర్పిస్తుందా అని నవ్వుకోవద్దు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేను చేసిన తప్పులు కూడా చెప్తాను.

మా అమ్మ మీకు తెలుసు. అదిగో, వెనక వరుసలో కూర్చుని చెప్పొద్దు చెప్పొద్దని చెయ్యి ఊపుతోంది. అడిగే చెప్తున్నాను లెండి. మా పెద్దమ్మ కూడా మీలో చాలామందికి తెలుసు. ఆర్మూరు వైపు ఉంటుంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. ఒకే కుండలో గటక తిని పెరిగారు. ఇప్పుడు ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్లని ఎవరూ అనుకోరు. అమ్మ లావు. పెద్దమ్మ ఎండు కట్టె.

అమ్మ బీడీలు చుడుతుంది. పొద్దున పని ముగించుకుని ఒళ్లో చాట పెట్టుకుంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం. ఆకు కత్తిరించాలి. తంబాకు పోయాలి. చుట్టాలి. దారం కట్టాలి. చేతులు ఆగవు. కాళ్లు మాత్రం కదలవు. ఇది మన నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు ఇంటింటి సంగతే.

పెద్దమ్మ కూలికి పోతుంది. వానాకాలం నాట్లు, కలుపు. చలికాలం దాటితే పసుపు తవ్వకం. పొద్దంతా నడుము వంచే ఉంటుంది.

మూడేళ్ల కింద అమ్మకు కాళ్లు మంటలు మొదలయ్యాయి. రాత్రి నాలుగైదు సార్లు లేచేది. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాను. పరగడుపున రక్తం పరీక్ష చేస్తే షుగర్ 214 వచ్చింది. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 దాకా ఉంటే జాగ్రత్త పడాలి. 126, ఆపైన ఉంటే మళ్లీ ఒకసారి పరీక్ష చేసి షుగర్ అని తేలుస్తారు. ఈ అంకెలు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. 100. 126.

ఆసుపత్రిలో మందులు రాశారు. ఒక అచ్చు కాగితం కూడా ఇచ్చారు. ఏం తినాలో అందులో ఉంది. పొద్దున ఓట్స్. పదకొండు గంటలకు ఆపిల్. బాదం పప్పులు ఆరు. బ్రౌన్ బ్రెడ్. పొద్దున నలభై అయిదు నిమిషాల నడక. నేను బస్సులో చదివి వినిపించాను. అమ్మ అంతా విని, "గియన్ని మనకు ఏడ దొర్కుతయే బిడ్డా?" అంది. ఇంటికి వచ్చి ఆ కాగితాన్ని దేవుని పటం వెనక పెట్టింది. ఆరు నెలలు అది అక్కడే ఉంది. దానికి రోజూ అగరుబత్తి పొగ తగిలింది గాని షుగర్ తగ్గలేదు.

ఆ కాగితంలో ఉన్నవి అబద్ధాలు కావు. కానీ రాసినవాళ్లు మా అమ్మను ఒక్క మాట అడగలేదు. నువ్వు ఏం తింటున్నావు? ఎప్పుడు తింటున్నావు? ఎవరు తిన్నాక తింటున్నావు?

ఆ మాట అడిగింది మన సబ్‌సెంటర్ ఏఎన్ఎం అక్క. "ముందుగాల ఒక్క రోజు తిండి రాసుకొని రాండ్రి" అంది. నేను ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని రాశాను. అమ్మ పొద్దున లేస్తూనే చాయ తాగింది. అందులో రెండు టోస్టులు ముంచుకుని తిన్నది. చాట ముందర కూర్చున్నాక మళ్లీ చాయ. ఇట్లా రాత్రి దాకా అయిదు చాయలు. ఒక్కో చాయకు రెండు చెంచాల చక్కెర. రోజుకు పది చెంచాలు. చెంచాకు అయిదు గ్రాములు వేసుకోండి. రోజుకు యాభై గ్రాములు. నెలకు కిలోన్నర! మా ఇంటికి వచ్చే చక్కెరలో సగం అమ్మ ఒక్కతే తాగుతోంది. ఆమెకే తెలియదు. లెక్క చెప్తే నమ్మలేదు. మళ్లీ ఆమె చేతనే లెక్క కట్టించాను.

ఇంకొకటి కూడా ఆ కాగితం మీద తేలింది. అది రాస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు. మధ్యాహ్నం నాన్న తిన్నాడు. తమ్ముడు తిన్నాడు. నాయనమ్మ తిన్నది. నేను తిన్నాను. రెండున్నరకు అమ్మ కూర్చుంది. పప్పు గిన్నె అడుగున రెండు చెంచాలు మిగిలింది. కూర లేదు. అమ్మ కంచం నిండా అన్నం పెట్టుకుని మామిడికాయ తొక్కుతో తిన్నది. రాత్రి కూడా అంతే. నేను ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే తింటున్నాను. చదువుకున్నదాన్ని. కానీ రాసేదాకా చూడలేదు.

మీ ఇళ్లలో చివరికి తినేది ఎవరు? చేతులు ఎత్తండి. సరే, దించండి. నాకు తెలుసు.

అయితే నేను గొప్పగా ఒక సలహా ఇచ్చాను. "అమ్మా, అన్నం మానెయ్. జొన్న రొట్టె తిను" అన్నాను. అమ్మకు రొట్టె అంటే ప్రాణం. వేడివేడిగా నాలుగు తినేది. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే 206. ఏఎన్ఎం అక్క నవ్వి, "రొట్టె గూడ గింజే గద. నాలుగు తింటే అంతే" అంది. జొన్నలో పీచు ఉంటుంది. తెల్ల బియ్యం కన్నా మంచిదే. కానీ లెక్క లేకుండా తింటే షుగర్‌కు జొన్న, బియ్యం రెండూ ఒకటే.

చాయ పూర్తిగా మాన్పించి చూశాను. నాలుగు రోజులు తలనొప్పి. ఇంట్లో రోజూ కొట్లాట. అయిదో రోజు మళ్లీ మొదలు. పొద్దున అయిదు గంటలకు నడవమన్నాను. కుక్కలు వెంటపడ్డాయి. పైగా వట్టి చేతులతో రోడ్డు మీద నడవాలంటే అమ్మకు సిగ్గు. "ఎటు పోతున్నవ్ అక్కా అని అడుగుతే ఏం చెప్పాలె?" అనేది. నిజమే కదా. మన ఆడవాళ్లం ఎప్పుడైనా ఊరికే నడిచామా? నీళ్లకో, పొలానికో, దుకాణానికో పోతాం. నడక కోసం నడవడం మనకు అలవాటు లేదు.

అప్పుడు అమ్మే ఆలోచన చేసింది. చుట్టిన బీడీలు రోజూ కార్ఖానాలో ఇవ్వాలి. కార్ఖానా ఊరికి ఆ చివర ఉంది. అదివరకు నాన్న బండి మీద పోయేది. ఇప్పుడు గంప చంకన పెట్టుకుని నడిచి పోతోంది. వచ్చేటప్పుడు చెరువు కట్ట మీదుగా వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు, చేతిలో గంప ఉంది కనుక. పోను పదిహేను నిమిషాలు, రాను పదిహేను నిమిషాలు. వారానికి ఆరు రోజులు. మొత్తం 180 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త జోరుగా నడవమని చెప్తుంది. ఆ సంస్థ పేరు అమ్మ వినలేదు. లెక్క మాత్రం దాటేసింది. ఇప్పుడు ఆమెతో ఇంకో ఇద్దరు వదినలు కూడా పోతున్నారు. వాళ్లు ఎంత జోరుగా నడుస్తారో గాని, మాటలు మాత్రం జోరుగానే ఉంటాయి.

ఇంకొక పని కూడా చేసింది. అమ్మ ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట కడుతుంది. నాలుగు కట్టలు కాగానే చాట దించి లేస్తుంది. వాకిలి దాకా పోయి వస్తుంది. నీళ్లు తాగుతుంది. చేతులు పైకెత్తి నడుము చాపుకుంటుంది. రెండు నిమిషాలే. గంటల కొద్దీ కదలకుండా కూర్చోవడం షుగర్‌కు మంచిది కాదు. మొదట్లో, "బీడీలు తగ్గుతయ్, పైసలు తగ్గుతయ్" అని భయపడింది. నిజంగానే మొదటి వారం నలభై, యాభై బీడీలు తగ్గాయి. తర్వాత చెయ్యి అందుకుంది.

ఇక తిండి. మధ్యాహ్నం అన్నం ఒకటే గిన్నె. ముందు రెండు గిన్నెలు తినేది. పప్పు, కూర గరిటెతో కొలిచి రెండేసి. రాత్రి రెండు రొట్టెలు. చాయలు మూడు. వాటిలో చక్కెర అర చెంచా. బెల్లం వేసుకుంటే ఏం కాదని పక్కింటి అవ్వ చెప్పింది. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం కూడా చక్కెర లాంటిదే. అది మాత్రం నమ్మొద్దు.

పప్పు, కూర రెండేసి గరిటెలు అని సులువుగా చెప్పాను. అవి అమ్మ దాకా మిగలాలి కదా? దానికి ఒక్కటే దారి. అందరికీ వడ్డించక ముందే తన గిన్నె తీసి పక్కన పెట్టుకోవాలి. మొదటి రోజు అమ్మ అట్లా పెట్టుకుంటుంటే నాయనమ్మ చూసింది. "ఆడది ముందుగాల తనకు తీసి పెట్టుకుంటదా? ఏం కాలమొచ్చె!" అంది. అమ్మ ఆ గిన్నె తిరిగి పప్పులో పోసేసింది. ఆ రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. మందుల ఖర్చుకు ఏడవలేదు. కాళ్ల మంటకు ఏడవలేదు. రెండు గరిటెల పప్పుకు ఏడ్చింది.

మర్నాడు ఆ గిన్నె నేను తీసి పెట్టాను. నాయనమ్మ నన్నూ అన్నది. నాన్న మాట్లాడలేదు. వద్దని కూడా అనలేదు. ఇట్లా కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు అమ్మ పీఎఫ్ ఆఫీసు పని మీద పోయి ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి గూట్లో ఒక గిన్నె ఉంది. పైన కంచం మూత పెట్టి ఉంది. అందులో పప్పు, వంకాయ కూర ఉన్నాయి. నేను బడిలో ఉన్నాను. నాన్న పొలంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది నాయనమ్మ ఒక్కతే.

నాయనమ్మను తప్పు పట్టడానికి ఇది చెప్పలేదు. ఆమె కాలంలో గటక, అంబలి, రొట్టె తిన్నారు. అవి కూడా కడుపు నిండా దొరికేవి కావు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆకలి తీరింది. తెల్లన్నం పండగ భోజనం నుంచి రోజు భోజనం అయింది. 2025 నుంచి రేషన్‌లో సన్న బియ్యం కూడా వచ్చాయి. మంచిదే. కానీ బియ్యం బాగా తెల్లగా పట్టిస్తే తవుడు పోతుంది. తవుడుతో పాటు పీచు పోతుంది, బి విటమిన్లు పోతాయి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలుసా? బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన చేయడానికి. బాగా పాలిష్ చేసిన బియ్యమే తిని బతికేవాళ్లకు వచ్చే జబ్బు అది. ఆ సంస్థ 2024లో కొత్త సూచనలు ఇచ్చింది. బియ్యం, గోధుమ, జొన్న ఇట్లాంటి గింజల నుంచి మనకు వచ్చే బలం సగానికి తక్కువే ఉండాలంది. మిగిలింది పప్పులు, కూరలు, పాలు, గుడ్లు, పల్లీలు, పండ్ల నుంచి రావాలి. మన కంచం చూసుకుంటే ఇది తలకిందులుగా ఉంటుంది.

ఇప్పుడు పెద్దమ్మ సంగతి. అమ్మకు షుగర్ కొద్దిగా దిగింది కదా, నాకు హుషారు వచ్చింది. పెద్దమ్మ ఇంటికి పోయి అదే పాఠం మొదలుపెట్టాను. "పెద్దమ్మా, అన్నం తగ్గించు. రోజూ నడువు" అన్నాను. పెద్దమ్మ అప్పుడే పసుపు చేను నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను కింది నుంచి పైకి చూసి, "పొద్దుగాల ఏడింటికి పోయి ఇప్పుడొచ్చిన. ఇంకెంత దూరం నడువాలె బిడ్డా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

పెద్దమ్మకు ఆయాసం ఉంది. లేస్తే కళ్లు తిరుగుతాయి. గోళ్లు తెల్లగా పాలిపోయాయి. దవాఖానలో పరీక్ష చేస్తే రక్తం 8.2 ఉంది. ఆడవాళ్లకు 12 ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లకు 11కు తగ్గకూడదు. 2019-21లో దేశమంతటా ఆరోగ్య సర్వే చేశారు. మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఇక్కడ మనం ముప్పై మందిమి ఉన్నాం. ఆ లెక్కన పదిహేడు మంది అవుతారు.

పెద్దమ్మ తిండి కూడా రాశాను. పొద్దున వట్టి చాయ. పదకొండు గంటలకు సద్ది. అందులో అన్నం, తొక్కు. తిన్న వెంటనే మళ్లీ చాయ. ఆమె ఇంట్లో ఆరు కోళ్లు ఉన్నాయి. గుడ్లన్నీ దుకాణంలో ఇచ్చి చాయపత్త, చక్కెర తెచ్చుకుంటోంది! చేనులో కలుపు తీస్తూ గంగవాయిలి కూర, తోటకూర పీకి గట్టు మీద పారేస్తోంది. ఇనుము మాత్రలు ఇస్తే నాలుగు రోజులు వేసుకుని మానేసింది. "వేడి చేసినయ్, దొడ్డికి నల్లగ వచ్చింది" అంది. ఆ మాత్రలు వేసుకుంటే నల్లగానే వస్తుంది. అది జబ్బు కాదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి. చాయతో మాత్రం వేసుకోకూడదు. అన్నానికి, మాత్రకు గంట ముందూ గంట తర్వాతా చాయ ఉండకూడదు. చాయ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ పట్టేటట్టు చేస్తాయి. కూరలో ఒక నిమ్మ చెక్క పిండుకుంటే చాలు.

ఇప్పుడు పెద్దమ్మ పనికి పోయే ముందు ఒక గుడ్డు, రెండు ముద్దలు ఏదో ఒకటి తిని పోతోంది. సద్దిలో పప్పుకూర ఉంటోంది. గట్టు మీద కూర కొంగులో కట్టుకుని ఇంటికి తెస్తోంది. అప్పుడప్పుడు కార్జం తెచ్చుకుంటుంది. నువ్వుల పొడి చేసి డబ్బాలో పెట్టుకుంది. పని నుంచి వచ్చాక అరగంట పడుకోమని ఏఎన్ఎం అక్క చెప్పింది. అది మాత్రం పెద్దమ్మకు ఇంకా చేతకావడం లేదు. పట్టపగలు పడుకుంటే కోడలు ఏమనుకుంటుందోనని! నాలుగు నెలలకు రక్తం 10.6 అయింది. ఇంకా 12 కాలేదు.

చూశారా? అమ్మకు అన్నం తగ్గించాలి. పెద్దమ్మకు తిండి పెంచాలి. అమ్మ కదలాలి. పెద్దమ్మ కాసేపు ఆగాలి. ఇద్దరికీ ఒకే కాగితం ఇస్తే ఒకరికి మంచి, ఒకరికి చెడు అవుతుంది. టీవీలో చెప్పేవాళ్లకు, ఫోనులో వీడియోలు పంపేవాళ్లకు మీరు అమ్మో పెద్దమ్మో తెలియదు కదా.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు పెళ్లిచూపుల కోసం సన్నబడాలని పొద్దున తినడం మానేశాను. అది చూసి నేర్చుకున్నది కూడా ఫోనులోనే. ఒక రోజు బడిలో ప్రార్థన చేయిస్తూ పిల్లల ముందే కింద పడ్డాను. మూడో తరగతి పిల్ల వచ్చి, "మేడం, పొద్దుగాల ఏం తినలేదా?" అని అడిగింది. ఆ ప్రశ్న నేను రోజూ పిల్లలను అడిగేది.

కాబట్టి మీ లెక్క మీరే చూసుకోవాలి. ముందు ఒక్క రోజు తిన్నది రాయండి. ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు నడిచారు, అది కూడా రాయండి. తప్పులు పోయినా ఫరవాలేదు. అమ్మ మొదటిసారి "చాయ" అని రాయబోయి "ఛాయ" అని రాసింది. నాకు అర్థం కాలేదా? తర్వాత ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే మా చాయ కొట్లాటలాగే అవుతుంది. రెండు మూడు వారాలు చూడండి. కుదిరితే ఇంకొకటి మార్చండి. కుదరకపోతే అది మీకు సరిపడదు, వేరేది చూడండి. అమ్మ క్యాలెండరులో కార్ఖానాకు నడిచిన రోజు మీద గీత పెడుతుంది. వానకు పోని రోజు "వాన" అని రాస్తుంది. పోబుద్ధి కాని రోజు కూడా "వాన" అనే రాస్తుంది, అది వేరే సంగతి.

కొన్ని విషయాల్లో మాత్రం సొంత లెక్క పనికిరాదు. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు డాక్టరు చెప్పకుండా మానొద్దు. కాకరకాయ రసం తాగుతున్నామని మాత్రలు మానేసినవాళ్లు మన వాడలోనే ఉన్నారు. షుగర్ మాత్ర వేసుకుని తినకుండా పనికి పోవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, తర్వాత ఏదైనా తినాలి. కాలికి పుండు అయితే చిన్నదే కదా అని ఊరుకోవద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు తిండి తగ్గించనే వద్దు.

అమ్మ షుగర్ పోయిన నెల 148. మాత్రలు వేసుకుంటోంది. రాత్రి ఒకసారే లేస్తోంది. కాళ్ల మంట ఇంకా ఉంది. దేవుని పటం వెనక కాగితం తీసేసి, అక్కడ తన చేతిరాత కాగితం పెట్టుకుంది.

సోమవారం పొద్దున ఏడు గంటలకు ఏఎన్ఎం అక్క ఇక్కడికి వస్తుంది. షుగర్, బీపీ, రక్తం చూస్తుంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరూ రండి. పైసలు ఏమీ ఇవ్వక్కర లేదు. చాయ తాగకుండా రండి. ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ పూట మాత్ర వెంట తెచ్చుకోండి, తిన్నాక వేసుకోవచ్చు. ఆదివారం మీరు తిన్నది రాసిన కాగితం కూడా మరిచిపోకండి. తూకం మిషను నేను బడి నుంచి అడిగి తెస్తాను. పరీక్ష కాగానే తినడానికి అమ్మ బొబ్బర్ల గుడాలు చేసి తెస్తానంది. మీ గిన్నె మీరు తెచ్చుకోండి.